పచ్చమందు

"మేస్త్రీ, ఈ మందు పోయించుకోమంటావా, వద్దంటావా?"
సువార్తమ్మ సిస్టరు, బండి దిగకుండానే.
చేతిలో సీసా.
చెరువు నాచు రుబ్బి వడగట్టినట్టు
పచ్చగా, చిక్కగా.
అమలాపురంలో మూడువందల యాభై అట.
పోసుకుంటే
ముల్లు దిగినా గాలి దిగదట.

అడగాల్సిన మనిషినే అడిగింది.
పంక్చరు పడితేనే
పొయ్యి వెలిగే మనిషిని.

లాకుల పక్కన, కాలవగట్టు మీద పాక నాది.
నీళ్ళతొట్టి, కంప్రెసరు, ఆకురాయి, సొల్యూషను డబ్బా.
ఈ గట్టు మీద టైరుకి దొరకనిదంటూ లేదు:
తుమ్మముల్లు, రొయ్యల చెరువు కంచెతీగ,
ఆల్చిప్ప పెంకు, పడవ మేకు,
ఒకసారి ముక్కుపుడక శీల.
ఎవరిదో అని నాలుగూళ్ళు అడిగాను.
ఇంకా డబ్బాలోనే ఉంది.

మా కాసులు మేస్త్రి అనేవాడు,
నువ్వు వెతక్కురా, నీళ్ళలో ముంచు,
బుడగే పిలుస్తుంది.
పచ్చమందు పోసిన టైరు పిలవదు.

అయినా ఉన్నదే చెప్పాను.
"ట్యూబు టైరుకి దండగండి.
లోపల ట్యూబు కదిలి చిల్లు సాగుద్ది,
గండికి గడ్డిమోపు అడ్డేసినట్టే.
మీది ట్యూబులెస్సు. సన్నముల్లుకి ఆగుద్ది.
పక్కగోడ చీలితే ఆగదు.
ఏడాదికి అట్టకట్టుద్ది.
రిమ్ము తుప్పు పట్టినా పట్టొచ్చు.
రేపు ప్యాచీ వెయ్యాలంటే
ఆ జిగురంతా కడిగిందాకా అంటుకోదు,
కడిగినందుకు యాభై ఎక్కువ తీసుకుంటాను, ఆయ్."
ఒక్క మాట మాత్రం మింగేశాను:
ఇది పోస్తే మీరిక నా పాకకి రారు.

ఆవిడ సీసా ట్యాంకు మీద పెట్టింది.
"మొన్న ముసుర్లో లంకలో కాన్పు.
గట్టు మలుపులో గాలి పోయింది.
బురదలో మూడు కిలోమీటర్లు తోసుకుంటూ పోయాను.
వెళ్ళేసరికి బొడ్డు కోసేశారు.
గడ్డి కొడవలితో."
కాసేపు కాలవకేసి చూసింది.
"బిడ్డ బాగానే ఉందిలే.
నువ్వు తొమ్మిదింటికి తడిక దించేస్తావు మేస్త్రీ."

వాల్వు పిన్ను తిప్పాను.
బుస్సుమంది.
గొట్టం పెట్టి పోశాను, గాలి కొట్టాను,
"నాలుగైదు కిలోమీటర్లు తిప్పండి, లోపలంతా పాకాలి" అన్నాను.
ఇరవై ఇచ్చింది. తీసుకున్నాను.

వరదొచ్చి పోయింది.
దాళ్వా నాట్లు పడ్డాయి, కోతలయ్యాయి,
మళ్ళీ వరదొచ్చింది.
ఆవిడ గట్టు మీద పోతూ చెయ్యి ఊపేది.
నేనూ ఊపేవాణ్ణి.
చెప్పొద్దూ, కొంచెం కడుపు మండేది.

అరిగి నున్నబడ్డాక తెచ్చింది టైరు.
విప్పాను.
లోపల పచ్చమందు ఎండి
చేపల చెరువు ఎండగట్టినప్పటి అడుగులా నెర్రెలు.
వేలితో తడిమాను.
ఒకటి, ఇంకొకటి,
తొమ్మిది.
ప్రతి మొన చుట్టూ చిన్న పచ్చటి బొడిపె.
నేను పిలుపు వినని తొమ్మిది పంక్చర్లు,
నేను తీసుకోని తొమ్మిది కూళ్ళు.

ఆవిడ పట్టుకారు అడిగింది.
ఒకటి పీకి వెలుతుర్లో పెట్టి
"ఇది కవల పిల్లలప్పటిది అయ్యుంటుంది" అంది.
రెండోది చూసి
"ఇది పాము కరిచిన అబ్బాయప్పుడు. ఏమో."
మూడోదానికి ఏమీ గుర్తు రాలేదు.
పట్టుకారు నాకిచ్చేసి
రిమ్ము మీద తుప్పు గోటితో గీకింది.
"ఇది నువ్వు ముందే చెప్పావు."
"ఆయ్."
"కొత్తదానికీ పొయ్యి."

ఇప్పుడు సొల్యూషను డబ్బా పక్కన
రెండు సీసాలు నా దగ్గరే ఉంటాయి.
మందు మంచిదేనా అని ఎవరైనా అడిగితే
ట్యూబో ట్యూబులెస్సో చూస్తాను,
తర్వాత ఒకటే అడుగుతాను:
రాత్రిళ్ళు ఎక్కడికి వెళ్తారండి?